‘కారణం’ అనే గడి

ఉచితంగా ఇస్తామన్నదాన్ని కూడా బేరమాడిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే పోర్ట్‌బ్లెయిర్ వచ్చి, గరాచర్మలో బస్సు దిగి, నన్ను అడగండి.

బయటి పనివాళ్లను ఒక తాటి మీద నడిపించే యాప్ ఒకటుందని ఎవరో ఫోన్ చేశారు. “మొదటి నెలంతా ఫ్రీ మేడమ్” అన్నాడు అటువైపు మనిషి. నా అనుమతి తీసుకోకుండానే నా నోరు, “అంటే ఇంకెంత తగ్గిస్తారు?” అనేసింది. అతను, పాపం ఉద్యోగానికి కొత్తనుకుంటాను, “మా సార్‌ని అడిగి చెప్తాను మేడమ్” అన్నాడు.

ఇందులో నా తప్పేమీ లేదు, ఉంటే పెంపకానిది. జంగ్లీఘాట్‌లో మా నాన్నది కిరాణా కొట్టు. పక్కనే వలలు, తాళ్లు అమ్మే కొట్టు మేనత్తది. ఎదురుగా గిన్నెల కొట్టు చిన్నాన్నది. కొట్టుకూ కొట్టుకూ మధ్య గోనెసంచులు పట్టుకుని నడక నేర్చుకున్నదాన్ని. మా ఇంట్లో “ఇంకొంచెం అన్నం పెట్టనా?” అంటే “ఎంత?” అని అడుగుతాం. పెట్టాక, “మరి కొసరు?” అంటాం.

అలాంటిదాన్ని కొట్టు పెట్టుకోకుండా పెళ్లిళ్లు పెట్టుకున్నాను. పెళ్లిళ్లంటే నావి కావు, మెయిన్‌లాండ్ వాళ్లవి. సముద్రం ఒడ్డున ఫోటోలు దిగాలని కొందరు, సముద్రం ఒడ్డునే తాళి కట్టాలని కొందరు విమానమెక్కి వస్తారు. వాళ్లకి మండపం కట్టేవాళ్లను, ఫోటోలు తీసేవాళ్లను, అలంకరణ చేసేవాళ్లను, పడవ నడిపేవాళ్లను కూర్చడం నా పని. ఇందులో ఎవరూ నా దగ్గర జీతానికి లేరు. పని ఉన్నప్పుడు నేను పిలుస్తాను, కుదిరితే వాళ్లు వస్తారు. ఇంగ్లీషులో ఫ్రీలాన్సర్లు అంటారట. మా నాన్న, “ఎవరి తక్కెట్లోనూ కూర్చోని మనుషులు” అంటాడు. నాకా మాటే బాగుంది.

హైదరాబాద్ నుంచి పెళ్లిళ్లు పంపే కంపెనీ ఒకటి నాకు దొరికాక పని పెరిగింది. సీజన్‌లో సగానికి పైగా పని వాళ్లదే. ఆ పని ఉంటే మా వాళ్లకి వానాకాలం గడుస్తుంది. లేకపోతే ఎవరి దారి వాళ్లు చూసుకోవాలి. అంచేత ఆ కంపెనీ మేనేజర్ ఒకసారి, “మేడమ్, మీ టీమ్‌ని హ్యాండిల్ చెయ్యడానికి ఏం సిస్టమ్ వాడుతున్నారండీ?” అని అడిగితే, “నోరు” అని నిజం చెప్పలేక, “చూస్తున్నానండీ” అన్నాను.

నిజంగానే చూడ్డం మొదలుపెట్టాను. కూరగాయల బజారులో వంకాయల్ని ఒక్కొక్కటీ తిప్పి చూసినట్టు యాప్‌లన్నీ తిప్పి చూశాను. ఒకటి పనివాడి ఫోన్ తెరను నిమిషనిమిషానికీ ఫోటో తీసి పంపుతుందట. కొబ్బరాకులు అల్లే మనిషి ఫోన్ బ్లౌజులో ఉంటుంది, దాని తెర మీద ఏం కనిపిస్తుంది? ఇంకొకటి మనిషి ఎక్కడున్నాడో మ్యాపులో చూపిస్తుందట. మా ఫోటోగ్రాఫర్ హేవ్‌లాక్ వెళ్లే ఓడెక్కిన రోజున పరీక్షించాను. నీలం రంగు మధ్యలో ఒక చుక్కగా ఆగిపోయాడు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు. ఆ యాప్ లెక్కన మా ఫోటోగ్రాఫర్ ఇవాళ్టికీ సముద్రంలో ఈదుతూనే ఉండాలి.

చివరికి యాప్‌లన్నీ పక్కన పడేసి, నేనే ఒక టెంప్లేట్ తయారుచేశాను. గళ్లు గీసిన పట్టిక. ఎక్కడ, ఎన్నింటికి, ఏం తేవాలి, ఎవరితో రావాలి. అంతా తెలుగులో. మామూలు తెలుగు కాదు, ‘స్థలము’, ‘సమయము’, ‘సామగ్రి’ అంటూ. మెయిన్‌లాండ్ నుంచి ఓడలో సరుకుతోపాటు పొట్లాలుగా వచ్చే పాత పేపర్లు చదివి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నా తెలుగంటే నాకు కొంచెం పొగరు. అందంగా రంగులు వేసి గ్రూపులో పెట్టాను. అందరూ బొటనవేలు గుర్తు పెట్టారు. అబ్బ, ఎంత క్రమశిక్షణ అనుకున్నాను.

ఆ వారం ఫోటోల చోటు మారింది. ముందు నోటితో చెప్పిన కార్బిన్స్ కోవ్ కాదు, వండూర్ అని ‘స్థలము’ గడిలో మార్చి మళ్లీ పంపాను. మళ్లీ అందరూ బొటనవేళ్లు పెట్టారు. పొద్దున్నే వండూర్ ఒడ్డున పెళ్లికూతురు, పెళ్లికొడుకు, నేను, ఒక పీత ఉన్నాం. మా వాళ్లంతా కార్బిన్స్ కోవ్‌లో ఉన్నారు.

మండపం కట్టే వదినకి ఫోన్ చేశాను. వదిన అంటే చుట్టరికం కాదు, జంగ్లీఘాట్‌లో మా కొట్టు వెనక వీధి. వాళ్ల తాతలది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు, భర్తకి పడవుంది. కొబ్బరాకుతో ఆవిడ చేసే అల్లిక చూస్తే చేత్తో అల్లిందని నమ్మరు.

“వదినా, అంగూఠా గుర్తు వేశావు కదా!” అన్నాను.

“ఏసినాను. సూసినానని ఏసినాను. నువ్వు పంపితే సూడకుండా ఉంటానా?”

“చూసి, వండూర్ అని చదవలేదా?”

“సదవడం వస్తే కొబ్బరాకులు అల్లుతానేటే పిల్లా, దఫ్తర్లో కుర్సీ మీద కూకుందును. నువ్వు పంపిందేటో నాకు గళ్ల సీరలాగుంది. బాగుంది సీర అని అంగూఠా ఏసినాను.”

ఫోటోగ్రాఫర్‌ది డాలీగంజ్. తల్లి మనవైపు, తండ్రి బెంగాలీ. ఎక్కువగా వాడేది హిందీ. అతను ఇంకా మర్యాదస్తుడు. “దీదీ, తెలుగు బోల్నా అంటే గంటలు మాట్లాడతా. పఢ్నా అంటే నా వల్ల కాదు. స్కూల్లో హిందీయే కదా. నీ మెసేజ్ మా అమ్మకి చూపించా. ఆమెకీ రాలేదు. పెళ్లి శుభలేఖ అనుకుంది.”

అదీ సంగతి. ఇక్కడే పుట్టి, ఇక్కడే తెలుగు మాట్లాడి, తెలుగులోనే తిట్టుకునే మనుషుల మధ్య తిరుగుతూ, వాళ్లకి ఆ అక్షరాలు రావన్న సంగతి మరిచి టెంప్లేట్ చేసిన తెలివి నాది. సరుకు బాగుందని మురిసి, కొనేవాడెవడో చూసుకోని కొట్టు ఎన్నాళ్లు నడుస్తుంది?

ఆ సాయంత్రం నాన్న కొట్టులో ముఖం వేలాడేసుకుని కూర్చున్నాను. ఓడలో రంగత్ వెళ్లే మనిషి ఒకడు వచ్చాడు. వాళ్ల వాడకట్టులో నాలుగిళ్లకి సరుకులు కావాలట. అన్నీ నోటితోనే చెప్పాడు. నాన్న ఒక్కటీ రాసుకోలేదు. అంతా విని, “ఇప్పుడు నువ్వు విను” అని తన మాటల్లో మొత్తం తిరిగి చెప్పాడు. మధ్యలో ఒకచోట ఆ మనిషి, “నహీ చాచా, కందిపప్పు ఆ ఇంటికి కాదు, చివరింటికి” అన్నాడు. నాన్న మళ్లీ మొదట్నించీ చెప్పాడు. ఆ మనిషి “హా” అన్నాకే పొట్లాలు కట్టడం మొదలుపెట్టాడు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. ఓడెక్కిన సరుకు వెనక్కి రాదు కనక, తిరిగి చెప్పకుండా మా కొట్టులో ఏదీ కదలదు. చూసీ చూసీ అదొక పద్ధతని ఎప్పుడూ అనిపించలేదు.

మర్నాడు గ్రూపులో పట్టిక తీసేశాను. బదులు నా గొంతు రికార్డు చేసి పంపాను. ఎప్పుడూ ఒకే వరసలో చెప్తాను. ఎక్కడికి, ఎప్పటికి, ఏం తేవాలి, ఎవరితో, వానొస్తే ఏం చెయ్యాలి. విన్నవాళ్లు అదంతా తమ మాటల్లో తిరిగి చెప్పి పంపాలి. బొటనవేలు చెల్లదు. చప్పుడు లేదంటే రానట్టే లెక్క. రానివాళ్లు ‘రాను’ అని ఒక్క మాట అంటే చాలు.

ఆ ‘రాను’కి ఒక నియమం పెట్టాను. ఎందుకు రావని నేను అడగను. ఇదీ కొట్టులోదే. మనిషి వస్తువు చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కింద పెట్టేసి వెళ్లిపోతే ఎందుకు కొనలేదని మా నాన్న ఏనాడూ అడగలేదు. “అడిగితే ఏం చెప్తాడు? అబద్ధం చెప్తాడు. చెప్పినందుకు సిగ్గుపడి రేపు మన మెట్టెక్కడు” అనేవాడు.

ఈ గొంతు టెంప్లేట్‌తో సీజన్ సగం సాఫీగా గడిచింది. ఎవరూ తప్పు ఒడ్డుకి పోలేదు. వదిన తిరిగి చెప్పే పద్ధతైతే వినడానికే సరదాగా ఉండేది. “నువ్వు సెప్పింది ఇన్నాను. పొద్దుగాల సిడియాటాపు ఒడ్డుకి ఎల్తాను, ఆకులట్టుకెల్తాను, ఆ బెంగాలీ పిలగాడితో ఎల్తాను, ఆడు జీపులో పాటలెట్టకూడదు. వానొస్తే తడుస్తాను, ఇంకేటి సేస్తాను?”

అప్పుడు హైదరాబాద్ మేనేజర్ ఫోన్ చేశాడు. వాళ్ల కంపెనీ సొంతంగా యాప్ చేయించిందట. వాళ్ల పని చేసే ఫ్రీలాన్సర్లందరూ అందులో చేరాలి. నా కింద వాళ్లు కూడా. పని వస్తే ఒప్పుకోవడం, మానుకోవడం అంతా అందులోనే. మానుకుంటే కారణం చెప్పాలి. కారణం గడి నింపకపోతే అది ముందుకి కదలదు. మానుకున్నకొద్దీ స్టార్లు తగ్గుతాయి.

“కారణాలు కూడా మేమే ఇచ్చామండీ, ఈజీగా ఉంటుంది. జ్వరం, ఫ్యామిలీ ఫంక్షన్, ట్రావెల్, అదర్. అదర్ పెడితే రెండు ముక్కలు రాయాలి.”

“మా వాళ్లు రాయరండీ.”

“మీరు రాయండి మేడమ్ వాళ్ల బదులు. మీరు టీమ్ లీడ్ కదా.”

ఆలోచిస్తానన్నాను. బేరంలో ఆలోచిస్తాననడం అంటే ఎదుటివాడి ఓపిక ఎంతుందో తూచడం. కానీ ఆలోచించేందుకు నాకు వ్యవధి దొరకలేదు. ఆ వారమే గాలి మారింది.

మర్నాటి పెళ్లికి మండపం కట్టాలి. వదిన నుంచి గొంతు వచ్చింది. “రాను.” అంతే. ఎప్పుడూ అంత చిన్న మాట ఆవిడ నోట వినలేదు. వెనక గాలి హోరు మాత్రం ఉంది. నేనేమీ అడగలేదు. నాన్నకి ఫోన్ చేసి, మరేదో విషయం మాట్లాడి, “రేవులో, ఘాట్ దగ్గర ఎలా ఉంది?” అన్నాను.

“ఆడోళ్లు నిలబడున్నారు” అన్నాడు నాన్న.

అంతకంటే చెప్పలేదు. నేనూ అడగలేదు. సముద్రం మీదికి పోయిన పడవ అనుకున్న వేళకి ఒడ్డుకి చేరకపోతే మా వీధిలో ఆ మాట ఎవరూ పైకి అనరు. ఇంట్లోవాళ్లు అసలే అనరు. పిల్లలు అడిగినా “వస్తన్నాడు” అంటారు. అన్న మాట గాలి పట్టుకుపోయి నిజం చేస్తుందని భయం. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. కొట్టులో బియ్యం అయిపోతే ‘లేవు’ అనకుండా ‘నిండుకున్నాయి’ అనే ఇంట పెరిగినదాన్ని, నాకు నవ్వు రాదు.

ఆ మధ్యాహ్నమే మేనేజర్ ఫోన్ చేశాడు. కొత్త యాప్‌ను పరీక్షగా నడుపుతూ మా పెళ్లిని కూడా అందులో ఎక్కించారట.

“మేడమ్, డెకరేషన్ ఆవిడ దగ్గర రెడ్ చూపిస్తోందండీ. రావడం లేదా?”

“రావడం లేదు. ఇంకొకళ్లని పెట్టాను. పని ఆగదు.”

“ఓకే ఓకే, నాకు ప్రాబ్లమ్ లేదండీ. కారణం ఒకటి చెప్తే నేనే ఎంటర్ చేసేస్తాను.”

“కారణం చెప్పకూడదండీ.”

“అంటే... కాన్ఫిడెన్షియలా?”

“కాదు, వీధంతటికీ తెలుసు.”

“మరి చెప్పడానికేమండీ?”

ఏం చెప్పను? తెలిసినవాళ్లందరూ నోరు మూసుకుని ఘాట్ దగ్గర నిలబడ్డ మాటను, హైదరాబాద్‌లో ఏసీ గదిలో ఒక గడిలో టైపు చేయించనా? జ్వరం అని పెట్టెయ్యొచ్చు. నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కొట్టువాళ్ల పిల్లని, అబద్ధం నాకు కొత్తా? ‘ఇవాళే దిగిన సరుకమ్మా’ అని ఎంతమందికి చెప్పలేదు! కానీ ఆ ఇంటి మీద జ్వరమన్న మాటైనా సరే, ఆ రోజు రాయబుద్ధి కాలేదు.

“ఆవిడ ఇష్టం. అది రాసుకోండి” అన్నాను.

“లిస్టులో లేదండీ అది” అన్నాడు మేనేజర్, చాలా మర్యాదగా.

ఆ మండపం కట్టడానికి పెట్టిన ‘ఇంకొకళ్లు’ నేనే. ఆకులు ఎలా మడిచినా నా మాట వినలేదు. పెళ్లి మాత్రం అయింది. పెళ్లికొడుకు తల్లి మండపం వైపు చూసి, “ట్రైబల్ స్టైలా అండీ?” అంది. నేను జారిపోతున్న ఆకొకదాన్ని లోపలికి దోపాను.

మరుసటి పొద్దున వదిన వాళ్లాయన పడవ వచ్చింది. ఇంజను చెడిపోతే ఇంకో పడవ తాడు కట్టి లాక్కొచ్చింది. ఆ సాయంత్రం వదిన సంచిలో చేపలు పట్టుకుని గరాచర్మ దాకా బస్సులో వచ్చింది. పడవ మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నా ఫోన్లో మండపం ఫోటో చూసి, “ఇది ఎవులల్లినారు?” అంది.

“నేనే.”

“అగుపడతంది. కోడి గీరినట్టుంది.” తర్వాత చేపలు నా చేతిలో పెట్టి, “తొందరగా వొండుకో, కొట్టులో సరుకులాగ అట్టే పెట్టీకు” అని వెళ్లిపోయింది.

ఆ రాత్రే నా మనసు గట్టిపడింది. అప్పటిదాకా ‘ఎంతకి వదులుకోవచ్చు’ అని లెక్కవేస్తున్నదాన్ని. ఇక ఈ ఒక్కటి, కారణం చెప్పని ‘రాను’, అమ్మకానికి లేదు అనుకున్నాను.

వారం తిరక్కుండా వీడియో కాల్ పెట్టారు. మేనేజర్, వాళ్ల పై అధికారి ఒకావిడ. తెర మీద వాళ్ల టెంప్లేట్ పరిచారు. చూస్తే గళ్లు గళ్లుగా సంతలో దుప్పట్లలా ఉంది. బేరం మొదలుపెట్టాను.

“ఈ స్క్రీన్ ఫోటోలు తీసే గడి మాకొద్దండీ.”

“ఫీల్డ్ స్టాఫ్‌కి తీసేద్దాం” అంది అధికారి.

“మ్యాపులో చుక్క?”

“సేఫ్టీ కోసం మేడమ్ అది.”

“ఓడలో నెట్‌వర్క్ ఉండదు. చుక్క సముద్రంలో ఆగితే మీకు గుండె ఆగుతుంది. మీ సేఫ్టీ కోసమే వద్దంటున్నాను.”

ఆవిడ నవ్వింది. చుక్క పోయింది. పని మొదలెట్టిన నిమిషం, ముగించిన నిమిషం నొక్కడం, చేసిన పనికి తనే మార్కులు వేసుకోవడం, రోజూ పొద్దున్నే ‘ఈ రోజు నా మూడ్’ అంటూ ఒక నవ్వు బొమ్మ ఎంచుకోవడం, అన్నీ ఒక్కొక్కటిగా తీయించాను. నవ్వు బొమ్మ దగ్గర మేనేజరే, “అది నాకూ నచ్చదండీ” అన్నాడు, పై అధికారి ఉందని మరిచిపోయి. నా బేరం ఇంత బాగా నడిచిన రోజు లేదు. నాన్న వింటే బాగుండుననుకున్నాను.

కారణం గడి దగ్గరికి వచ్చాం.

“అది మాత్రం మ్యాండేటరీ. ఎందుకు రాలేదో తెలియకపోతే ఎలా ప్లాన్ చేస్తాం?” అంది అధికారి.

“రావడం లేదని ముందే చెప్తున్నాం కదా. ప్లాన్‌కి అది చాలు. ఎందుకన్నది వాళ్లది.”

“ఊరికే మానేస్తారు అలా అయితే.”

“మానెయ్యనివ్వండి. జీతమిచ్చి పెట్టుకున్నవాణ్ణి సెలవెందుకని అడగండి, తప్పు లేదు. రోజు పనికి పిలిచి, వానాకాలం పలకరించరు కదా. వాళ్ల దగ్గర మిగిలిందల్లా ‘రాను’ అనే మాట ఒక్కటి. దాన్ని కూడా గడిలో పెట్టమంటున్నారు.”

“సారీ మేడమ్. ఇది పాలసీ.”

మా బేరాల్లో ఇలాంటి చోట చేసే పని ఒకటుంది. చెప్పులు తొడుక్కుని, మెట్టు దిగి, వెనక్కి పిలిస్తే వినపడేంత నెమ్మదిగా నడవాలి. నేను ఇందులో పేరుమోసినదాన్ని. మందుల షాపులో కూడా మెట్టు దిగి పిలిపించుకున్నాను. కానీ ఫోన్‌కి మెట్టు ఎక్కడుంది? ఎర్ర బటన్ ఉంది. అది నొక్కితే వెనక నుంచి పిలుపు వినపడదు.

“అయితే మీ పని మాకొద్దండీ. నమస్కారం” అని నొక్కేశాను.

తెర నల్లబడింది. అందులో నా ముఖమే కనిపించింది. సొమ్ములు కొట్టేసిన దొంగలాగా ఉంది.

గ్రూపులో గొంతు పంపాను, ఎప్పటి వరసలోనే. హైదరాబాద్ వాళ్ల పని ఇక లేదు. ఇవాల్టి నుంచే. మనం తేవాల్సింది వేరే పని. అందరం కలిసి వెతకాలి. వానొస్తే, అంటే రోజులు బాగోకపోతే, ఏం చెయ్యాలో నాకూ తెలియదు.

అలవాటు చొప్పున అందరూ తిరిగి చెప్పారు. వదిన, “ఐదరాబాదోళ్ల పని లేదన్నావు. ఇన్నాను. అందరం ఎతకాలన్నావు. ఎతుకుతాను. అంతకుముందు మేం గాలి తిని బతికినామేటి?” అని పంపింది. ఆవిడ వల్లే అని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెబితే అది కూడా కారణం చెప్పినట్టే.

ఫోటోగ్రాఫర్ మాత్రం గొంతు పంపలేదు. నేరుగా ఇంటికే వచ్చాడు.

“దీదీ, ఏంటిది? నా పేరు మీద కూడా నువ్వే లడాయి చేసేస్తే ఎలా? నాకు కారణం చెప్పడంలో తక్లీఫ్ ఏం లేదు. జ్వరం వస్తే జ్వరం అంటా. కెమెరా ఈఎంఐ నువ్వు కడతావా?”

“నీ గురించి కాదు.”

“మరెవరి గురించి? బోలో.”

చెప్పలేదు. చెప్పకూడదు. అతనికి ఒళ్లు మండింది.

“ఠీక్ హై. నేను ఆ యాప్‌లో నా అంతట నేను చేరతా. వచ్చే వారం నీ షూట్‌కి రాను.”

ఎందుకని అడగాలని నోరు దురదపెట్టింది. పిల్లలున్నవాడు, మంచి పనివాడు, నా దగ్గర మొదటి బోణీ చేసినవాడు. బతిమాలుకోవాలనిపించింది, దెప్పాలనిపించింది. రెండూ మింగి, “సరే” అన్నాను. అతను గేటు దాకా వెళ్లి ఆగి, “క్యూఁ, ఎందుకు అని కూడా అడగవా?” అన్నాడు.

“అడగను.”

తల పట్టుకుని వెళ్లిపోయాడు. నా నియమం నా మీదికే తిరగబడితే ఎంత మండుతుందో అప్పుడు తెలిసింది. మండినంత మాత్రాన నియమం తప్పైపోదని కూడా తెలిసింది.

నాన్న సంగతంతా విని, పప్పు తూస్తూ, “వెనక్కి పిలుస్తారని దిగితే అది బేరం. పిలవకపోయినా పరవాలేదని దిగావా?” అన్నాడు.

“దిగాను.”

“అయితే పడుకో, నిద్ర పడుతుంది.”

పట్టలేదు. ఆయనకి చెప్పలేదు.

చిన్న చిన్న పనులు చేసుకున్నాం. పుట్టినరోజులు, బడి వార్షికోత్సవం, ఒక గృహప్రవేశం. వదిన గృహప్రవేశానికి అల్లిన తోరణం చూసి వీధిలో ఇంకో ఇద్దరు అడిగారు. పెద్ద సీజన్‌తో పోలిస్తే అది ఉప్పు పొట్లం అమ్మకం. అయినా అమ్మకమే.

ఆ తర్వాత ఒక రోజు మేనేజర్ ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. బయటి నుంచి మనుషుల్ని తెచ్చి చూశారట. వాళ్లు ఓడ టికెట్టు దొరక్క ఒకసారి, కొబ్బరాకులు ఎవర్ని అడగాలో తెలియక ఒకసారి కూర్చుండిపోయారట. గడి తీయడానికి పై అధికారి ఒప్పుకోలేదు, కానీ దారి ఒకటుంది అన్నాడు.

“మీరొక్కరే ఫ్రీలాన్సర్‌గా జాయిన్ అవ్వండి మేడమ్. మొత్తం టీమ్ మా సిస్టమ్‌లో మీరే. ఎవరు రాకపోయినా మీరు రానట్టు పడుతుంది. స్టార్లు మీకే తగ్గుతాయి. కారణం మీరే రాయాలి.”

“కొసరేంటి?”

“కొసరా?”

“నేనేం రాసినా ఫోన్ చేసి అడక్కూడదు.”

అతను నిట్టూర్చాడు. “అడగను మేడమ్. నేను అడగను. ప్రామిస్.”

ఒప్పుకున్నాను. గెలిచానని అనను. గడి అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడు దాని ముందు నేను నిలబడ్డాను. కాలూ నాదే, దానికి తగిలే రాయీ నాదే.

ఫోటోగ్రాఫర్ ఆ యాప్‌లో తన దారిన తనున్నాడు. మా పనికీ అప్పుడప్పుడు వస్తాడు. ఎందుకు వచ్చావని కూడా అడగను. అందరి ముందూ ఫోన్ తీసి చూపించి, “దేఖో దీదీ, నాకు ఐదు స్టార్లు. నీకు?” అని ఏడిపిస్తాడు. నాకు రెండున్నర. మొత్తం అండమాన్ విభాగంలో అందరికంటే కింద నేనే. వదిన దాన్ని చూసి, “ఈ సగం నచ్చత్రం ఎందుకే, అది కూడా ఇచ్చీ” అంది.

మొన్న మేనేజర్ ఇబ్బందిపడుతూ ఫోన్ చేశాడు. “మేడమ్, అడగనన్నాను కాబట్టి కారణం అడగట్లేదు. కానీ మీ స్టార్లు మరీ తగ్గుతున్నాయండీ.”

“ఇంకెంత తగ్గిస్తారు?” అన్నాను.

ఈసారి నోరు జారి కాదు, అనుకునే అన్నాను.

ఇవాళ మళ్లీ గాలిగా ఉంది. పొద్దున్నే వదిన గొంతు వచ్చింది. “రాను.” యాప్ తెరిచి, గడిలో ఎప్పుడూ రాసేదే రాశాను, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో: ఆవిడ ఇష్టం. తర్వాత పెరట్లోకి వెళ్లి కొబ్బరాకులు తడిపి పెట్టుకున్నాను. ఈసారి మడత కుదిరేలాగే ఉంది.